గుండు పప్పు మీద గాటు

ఆమెకు లోకంలో అన్నిటికన్నా భయం ఒక్కటే: తన కూతురి చేతులు కూడా తన చేతుల్లా అయిపోతాయేమోనని. ఐదో తరగతిలో బడి మానిపించి జీడిపిక్కల ముందు కూర్చోబెట్టిన చేతులవి. జీడి అంటి నల్లబడ్డవి మళ్ళీ తేటపడలేదు. అందుకే, బడి దగ్గరని కూతుర్ని అక్క ఇంట్లో ఉంచి, ఆదివారం ఆదివారం వచ్చి కళ్ళారా చూసుకుని పోతోంది. ఇవాళ ఆదివారం కాదు.

“ఏమే, ఈ వేళప్పుడు ఊడిపడ్డావు? షెడ్డులో పని లేదా?”

“ఉంది. చిట్టి ఏదక్కా?”

“ముందు కూర్చో. ఎండన పడి వచ్చావు, మంచినీళ్ళు తెస్తా.”

“నీళ్ళొద్దు. చిట్టి ఏది?”

“బడికెళ్ళింది. ఇంకెక్కడుంటుంది?”

“బడి నుంచే వస్తున్నా.”

“అదే… పొద్దున కాస్త ఒళ్ళు వెచ్చగా ఉందని పంపలేదు. లోపల పడుకుంది, లేపకు.”

“ఇప్పుడేగా బడికెళ్ళిందన్నావు.”

“నువ్వసలే కంగారు మనిషివి. తుమ్మిందంటే చాలు, వీధంతా ఏకం చేస్తావు. అందుకని అలా అన్నాలే.”

“టీచరమ్మ ఏమందో తెలుసా? ‘ఏ చిట్టి?’ అంది. వానలు మొదలైన దగ్గర్నుంచి రాలేదట.”

“ఆవిడకి పిల్లలంతా ఒక్కలాగే కనిపిస్తారు. గొర్రెల మందలో గొర్రె.”

“అక్కా, ఇది చూడు.”

“ఏంటది? జీడిపప్పు. పొద్దస్తమానం దీని మొహమేగా చూసేది, మళ్ళీ నువ్వొకదానివి చూపిస్తావా?”

“నీ డబ్బాలోదే. నువ్వు ఇంట్లో పొర తీసి పంపిందే. డబ్బాలు కట్టి వీధి వీధికీ పంపేదీ నేనే, తిరిగొచ్చాక ఏరేదీ నేనేగా. ఏరుతుంటే చేతికొచ్చింది. తిరగేసి చూడు. ఆ గాటు.”

“గోరు తగిలుంటుంది. పొర తీస్తే గోరు తగలదా?”

“నీ గోరు పెట్టు అందులో.”

“పిచ్చా నీకు?”

“పెట్టక్కా. పట్టదు. నాదీ పట్టలేదు. బియ్యపు గింజంత కూడా లేదు. డబ్బా అంతా కుమ్మరించి చూశా, ఎక్కడ చూసినా అంతే.”

“మెల్లగా మాట్లాడు. వీధి వింటుంది.”

“విననీ.”

“సరే, తీసింది. ఏదో సరదాకి నా పక్కన కూర్చుని రెండు పలుకులు ఒలిచింది. పిల్లలన్నాక చెయ్యి పెట్టరా?”

“రెండు పలుకులా?”

“నాలుగు. ఏంటే, దొంగని పట్టుకున్నట్టు నిలదీస్తావు?”

“అందుకేనా గోళ్ళకి రంగు వేసేదానివి?”

“ఏ రంగు?”

“ఆదివారం ఆదివారం ఎర్రగా వేసి, ముస్తాబు చేసి కూర్చోబెట్టేదానివిగా. పెద్దమ్మకి ఎంత ముద్దో అని మురిసిపోయా. అమ్మ పోయినా నాకు అక్క ఉందని షెడ్డంతా చాటుకున్నా. ఆ రంగు కింద ఏముందక్కా? నల్లబడ్డాయా?”

“కొనలే. కొనలు మాత్రమే. రోజూ కొబ్బరినూనె రాస్తున్నానే, నీ మీదొట్టు.”

“నా మీద వేసుకోకు ఒట్టు. ఒలిచినన్నాళ్ళూ ఒక్క పలుకు తిననిచ్చావా దానికి?”

“తూకం తగ్గదూ? పెట్టాను… ముక్కలు. మాడిన ముక్కలు.”

“అయ్యో, అక్కా!”

“నాకు వేళ్ళు బిగుసుకుపోయాయే! పట్టుకుంటే చాలు, గుండు పప్పు రెండు బద్దలవుతోంది. బద్దలెక్కువైతే డబ్బా ఆపేస్తారు. డబ్బా ఆపేస్తే నా పొయ్యి ఆగిపోతుంది. నీకు చెబితే ఏం చేసేదానివి?”

“పిల్లని తీసుకెళ్ళేదాన్ని.”

“అదిగో. అందుకే చెప్పలేదు.”

“నమ్మి ఒళ్ళో పెడితే గొంతు కోశావు కదక్కా!”

“కోశానా? మరి డబ్బాలు పెంచిందెవరు? ‘మా అక్క చేతిలో పప్పు విరగదు, ఇంకో రెండు డబ్బాలివ్వండి’ అని మేస్త్రీని బతిమాలిందెవరు? నేనడిగానా?”

“నీ చెయ్యే అనుకున్నా.”

“చిన్న వేళ్ళయితేనే విరగదు. ఇన్నేళ్ళు ఏరావు, నీకు తెలియదూ?”

“తెలియదు.”

“తెలియదా, తెలుసుకోలేదా?”

“తప్పుకో అక్కా. ఆ తలుపు ముందునుంచి తప్పుకో. చిట్టీ! చిట్టీ, అమ్మనే. తలుపు తియ్యి.”

“అమ్మా? ఇవాళ ఆదివారమా?”

“కాదు తల్లీ. రా, ఇలా రా. చేతులు వెనక్కి పెట్టుకోకు. చూపించు.”

“ఇంకా రంగు వెయ్యలేదమ్మా.”

“రంగేం అక్కర్లేదు. ఇటివ్వు. అయ్యో… ఇదేంటే, ఈ వేలు ఇలా పొక్కింది?”

“ఊదితే తగ్గుతుంది.”

“వచ్చినప్పుడల్లా నా ఒళ్ళోనే కూర్చున్నావు కదే. ఒక్క మాట ఎందుకు చెప్పలేదు నాకు?”

“నీకు తెలుసుగా.”

“నాకా? ఎవరు చెప్పారే నాకు తెలుసని? పెద్దమ్మా?”

“పెద్దమ్మ ఏం చెప్పలేదు. డబ్బా మూతి గుడ్డకి నీ ముడేగా ఉంటుంది. నా జడకి వేస్తావే, ఊడకుండా, అదే. నువ్వే కట్టి నాకు పంపావనుకున్నా. తొందరగా అవగొడితే తీసుకెళ్తావని గబగబా ఒలిచా. ఏడవకమ్మా. అమ్మా, పక్కింటి పాప డబ్బాకి కూడా నీ ముడే ఉంది. అది నాకన్నా చిన్నది. వాళ్ళ తలుపుకి బయట గొళ్ళెం పెట్టుంది, పొద్దున్నుంచి పిలుస్తుంటే పలకట్లేదు. ఒక్కసారి వెళ్ళి చూడవూ?”