గొల్లభామను కంది చేన్ల విడిచొచ్చిన

"అవ్వా, గాజు సీసల పురుగుల్ని పెంచినవంట, నిజమేనా?"

ఎవరు చెప్పిండ్రు నీకు? కిందింటామెనేనా? ఆమె నోట్ల నువ్వుగింజ నానదు. నిజమే బిడ్డ, నవ్వకు. ఫోన్ల ఎక్కిస్తున్నవా? ఎక్కించుకో, నాకేంది.

పోయినేడు తొలకరి ముంగట, స్నానం నీళ్లు కాగవెట్టనీకె పత్తికట్టె మోపు కొన్న. ఒకప్పుడు రూపాయికి బండెడు... కాదు కాదు, మోపెడు వస్తుండె. మా ఆయనైతే బేరమాడి అర్ధకే తెచ్చేటోడు. ఆయన పోయినంక బేరమాడుడు గూడ బందైంది. ఏం చెప్తుంటి? ఆఁ, కట్టె. ఒక కట్టెకు ఎండిన నురుగసొంటి ముద్ద అతుక్కోనుండె. పొయ్యిల పెట్టబోయి, ఏందో జీవమున్నట్టుందని ఊరగాయ సీసల పెట్టి, మూతికి పల్చటి బట్ట కట్టిన. వానలు పడంగనే చూస్తే సీస నిండ గొల్లభామ పిల్లలు! చీమలంత ఉన్నయి, అప్పుడే చేతులు జోడించుకున్నయి. నేను గూడ దండం పెట్టిన.

మాది బజారుల దుకాణపోళ్ల ఇల్లు గద, గుడ్డు గూడ గడప దాటి రాదు. ఇంత భక్తిగ ఉన్నయి, ఇవి గూడ మనసొంటియే అనుకోని అటుకులు, బెల్లం, అరటిపండు పెట్టిన. తెల్లారి చూస్తే ఏముంది, ఒకదాన్నొకటి తింటున్నయి! అయ్యో శివా! ఇదేం భక్తే మీది అని తిట్టిన, ఏడ్చిన గూడ. జర కనిపెట్టి చూస్తే, అరటిపండుకు ముసిరిన చిన్న ఈగల్ని గూడ పట్టుకుంటున్నయి. వాటి అన్నమేందో అప్పుడు సమజైంది.

ఇంకేం జేస్త? కొన్నిట్ని తలా ఒక సీసల పెట్టి, నీళ్లు చిలకరించి, పండు తొక్కలేసి ఈగల్ని రప్పించిన. మా అత్త బతికుంటే నన్ను వంటింట్లకు రానియ్యకపోవు. మిగిలినయి సల్లపొద్దుల తీస్కపోయి చెట్టుకొకటి, దూరం దూరంగ విడిచిన. ఒక్కతాన విడిస్తే మల్ల అదే తినుడు గద.

సీసలల్లయి గూడ ఒక్కొక్కటే విడిచిన. ఆఖరుకు ఒక్కటి మిగిలింది, నా ఏలంత అయింది. నేను మాట్లాడితే మెడ తిప్పి చూసేది బిడ్డ! ఇంట్ల నా దిక్కు తిరిగి చూసేటందుకు ఇంకెవరున్నరు? కూర మాడింది, మోకాలు గుంజుతుంది, అన్నీ దానికే చెప్పేదాన్ని. దసరా ముంగట రెక్కలొచ్చినయి. సీసకు కొట్టుకునుడు మొదలువెట్టింది. నాకు తోడని దాన్ని ఖైదుల పెడ్తనా? మనసొప్పలే.

ఊరి చుట్టు పత్తికంత మందు కొడ్తరు. మందు కొట్టని చేను అడుక్కుంట బస్సుల కల్మల ఊరికి పోయిన. "హుళ బిడాక బందీరేనవ్వ?" అని కన్నడంల అడిగిండు ఆ చేను రైతు, పురుగును విడువనీకె వచ్చినవా అని ఒకటే నవ్వు. పురుగును విడిచేటందుకు టికెట్టు కొన్నదాన్ని నేనొక్కదాన్నే అయుంట. కంది చెట్టు కాడ చెయ్యి పెట్టిన. నా ఏలు పట్టుకోని శానాసేపు దిగలే. నేను గూడ విదిలియ్యలే. ఆఖరుకు ఆకు మీదికెక్కింది. జర కండ్లు తుడుసుకునేసరికి యాడుందో కానరాలే.

ఇంటికొచ్చి తాళం తీసి, "వచ్చిన్నే" అన్న. అలవాటైపోయింది గద. అన్నంక చెప్పులిడువకుంటనే నిలవడ్డ, ఇంట్లకు పోబుద్ధి కాలే.

నీకట్ల కావద్దు బిడ్డ. నువ్వు ముసలిదానివైనా, తలుపు తియ్యంగనే "వచ్చినవా" అనేటోళ్లు లోపల ఉండాలె. సల్లగుండు. ఏంది, లేస్తున్నవా? ఇంకింతసేపు కూసో...