నాగుల్ మీరా కుడిచెయ్యి

సాయంత్రం ఐదుంబావుకు దర్జీ నాగుల్ మీరా, కావలి స్టేషను ఎదుట పెంచలకృష్ణ టీ కొట్టులో, గ్లాసును ఎడమచేత్తో అందుకున్నాడు. కుడిచెయ్యి అందరికీ కనబడేలా బల్ల మీద పెట్టాడు.

ఎదురుగా సమాధానం అనే ఆయన కూర్చున్నాడు. చర్చిలో పాటల బృందం నడిపేది ఆయనే. బృందానికి తెల్లకోట్లు కుట్టించాలి. చేతి కాజాలంటే మీరా కొట్టుదే పేరు. కానీ మీరా చెయ్యి పడిపోయిందని బజారంతా అంటోంది. సంగతి తేలితేగాని బట్ట ఇవ్వనని ఆయన ముందే చెప్పేశాడు.

“పడిపోయేదేంది అబ్బయా? మణికట్టులో నరం నలిగింది, అంతే. బొటనవేలు, దాని పక్క రెండు వేళ్ళు తిమ్మిరెక్కి సూది జారిపోతా ఉండింది. నెల్లూరు డాక్టరు కోస్తానన్నాడు. కత్తెర పట్టి బతికే ఇంటి మీదనా కత్తెర పెట్టేది? వద్దంటే, షాక్‌వేవ్ మిషన్ పెడదామన్నాడు. నా కుడిచెయ్యి సంగతి ఆయనకేం తెలుసు, మిషన్‌లో జోరు పెంచే నంబర్లన్నీ అయిపోయినాయి గాని చెయ్యి మాత్రం కదల్లా. ఆ తర్వాత ఏమైందో తెలుసునా?”

“చెప్పకుండా వదుల్తావా,” అన్నాడు పెంచలకృష్ణ టీ తిరగబోస్తూ.

“ఆస్పత్రిలో లైట్లు మినుకుమన్నాయి, ఫ్యాను వెనక్కి తిరిగింది. ఇంటికొచ్చి కుట్టుమిషన్ మీద చెయ్యి పెడితే, తొక్కకుండానే చొక్కా కుట్టేసింది. సెల్లు అరచేతిలో పెట్టుకుంటే చాలు, ఛార్జింగు.”

“మరి మొన్న కరెంటు పోతే నా ఫ్రిజ్జు దగ్గరికి రాలేదే?” అన్నాడు పెంచలకృష్ణ.

“యాడ తీరిక? మద్రాసు బండి స్టేషన్లో నిలబడిపోయింది గదా. డ్రైవరొచ్చి, అన్నా నువ్వే దిక్కన్నాడు. ఇంజను మీద ఇట్లా ఆనించినా, చిటికెనవేలే. బండి బిట్రగుంట దాటినాక గాని ఆగలా. గార్డు ఇంకా ఇక్కడే జెండా ఊపతా ఉండాడు.”

చెయ్యి ఎత్తి చూపిస్తుంటే చొక్కా జేబులో ఏదో గలగలమంది. మీరా జేబును అదిమి పట్టుకున్నాడు.

సమాధానం గ్లాసు దించాడు. “అన్నా, నా మడమకు పెట్టేదీ ఆ మిషనే. అది కరెంటు కాదు. జెల్ పూసి, తలుపు తట్టినట్టు టకటకా కొడతారు. దానికి లైటూ ఆరదు, ఫ్యానూ తిరగదు.”

కొట్టంతా నవ్వింది.

“మడమకు కొట్టేది వేరబ్బా,” అన్నాడు మీరా తల దించకుండా.

“సరే. నీ కాలర్లో సూదుంది గదా. ఈ చేతిరుమాలు మీద ఒక్క కాజా కుట్టు.”

మీరా సూదిని తడిమాడు గాని తియ్యలేదు. “ఇప్పుడు కుడితే బట్ట కాలిపోద్ది.”

ఈసారి మీరా కూడా కొంచెం నవ్వాడు. సమాధానం ఒక్క కోటుకే బట్ట ఇచ్చాడు. శుక్రవారం కోటు వచ్చింది. కాజాలు అచ్చు గుద్దినట్టున్నాయి. మిగతా బట్టంతా ఆ రోజే పంపించాడు.

మరుసటి వారం నెల్లూరులో, ఫిజియోథెరపీ చేసే మెర్లిన్ సమాధానం మడమకు జెల్ రాస్తూ, మీరా పేరు వినగానే నవ్వింది.

“ఆయన చేతికేమీ కాలేదండీ. వైద్యం చేయించుకున్నది ఆయన భార్య హజరాబీ గారు. కాజాలన్నీ ఆమెవేనంట. మిషన్ ఎంత కొట్టినా ఒక్కసారి కూడా చెయ్యి లాక్కోలేదు. ఆయనే ఆ టకటక వినలేక బయటికి పోయినాడు. ఆమె గాజులు జేబులో వేసుకుని బెంచీ మీద కూర్చున్నాడు. లోపల ఎవరని ఎవరడిగినా, నా కుడిచెయ్యి అన్నాడు.”