దాలెమ్మ లచ్చిమి, పంతులుగోరి వీణ

దాలెమ్మ అనీ ఒక ముసిల్ది ఉండీదంట గరుగువలసలో. మొగుడు పోయినాడు, పిల్లలు లేరు. దానికున్నదల్లా ఇంటెనకాల ఒక పనససెట్టు, సావిట్ల ఒక గేద. సెట్టంటే అలాటిలాటి సెట్టనుకున్నారేటి, ఇద్దరు మనుషులు సేతులు సాపి కావిలించుకున్నా అందదు. కాయలమ్ముకునీది, గింజలు ఎండబెట్టి వానాకాలం కూరొండుకునీది, రాలినాకు గేదకేసీది. ఆ సెట్టే దానికి మొగుడూ కొడుకూ అనుకో. దాని పక్కీదిలో అసిరయ్యని ఒక వడ్రంగి, వీణలు సేసీవోడు. వీణకి పనసకర్రే కావాల కదా. ఈడి తాత కొట్టినాడు, ఈడయ్య కొట్టినాడు, ఈడూ కొట్టినాడు. సుట్టుపక్కల ఏడూళ్ళ పనససెట్లు వీణలైపోయి ఎక్కడెక్కడికో ఎలిపోయినాయి. కొట్టడమే గాని ఒక గింజ పాతిన పాపాన పోలేదు ఒక్కడూ. నాను అబద్దమాడతన్నానేటి? మనోళ్ళూ అంతే కదా, ఏం రంగడూ, తలొంచుకుంటావేటి? ఆకరికి మిగిలింది దాలెమ్మ సెట్టొక్కటే.

ఏటైందంటే, జమీందారుగోరి కోటలో కూర్మనాథం పంతులుగోరని ఒకాయన వీణ వాయించీవోడు. శానా గొప్ప ఇద్వాంసుడు. మడి అంటే మా మడి, కాకి రెక్క తగిలినా మళ్ళీ తానం సేసీవోడంట. ఆయనకి దసరా కచేరీకి కొత్త వీణ కావాలన్నాడు. అదీ అతుకులేటీ ఉండకూడదు, కిందనుండీ కుండా, పైకెళ్ళే దండీ, అంతా ఒక్క దుంగలోనే రావాలన్నాడు. ఈ తాలూకాలో అన్నిటికన్నా పెద్ద పనససెట్టు ఎక్కడుందో అదే కావాలన్నాడు. జమీందారుగోరు ఎనకాముందూ సూడకుండా సీటీ రాసిచ్చీసినారు, సెట్టు ఎవులదైనా కొట్టుకోండనీసి. ఇంకేటుంది, ఇద్దరు గొడ్డళ్ళోళ్ళని బండెక్కించుకోని దాలెమ్మ పెరట్లో దిగినాడు పంతులు. అసిరయ్యనీ పిలిపించినాడు. పాపం అసిరయ్య నోరు తెరిసినాడు, పంతులుగోరూ, పచ్చికర్రండి, మూడేళ్ళు నీడన ఆరాలండి, ఇప్పుడు కొట్టి దసరాకి వీణ సేస్తే సంకురేత్రికి పగిలిపోద్దండి, అనీసి. పంతులు ఇంటేనా! "కర్ర సంగతి నువ్వు నాకు చెబుతావుటోయ్? వేలితో కొట్టి చూశానంటే కర్ర కడుపులో ఏముందో చెప్పేస్తుంది నా చెవి" అన్నాడు.

దాలెమ్మ సెట్టుకి వీపానించి కూకుంది. ఏడిస్తే వొదలరని తెలుసు దానికి, తిడితే అసలొదలరనీ తెలుసు. అందుకే నవ్వుమొకం పెట్టింది. "అంత సెవుందేటండి తమకి? మరైతే కొట్టి సూడండి మా సెట్టుని" అంది. పంతులు కొట్టినాడు. బొద్దుమంది. పచ్చిది కదా, నీరు నిండా తాగుంది. పంతులు మొకం కొంచెం సిన్నదైంది. అప్పుడు దాలెమ్మ, "మా ఇంట్ల ఇంకో పనసకర్రుందండి పంతులుగోరూ, శానా పాతది. రేపు పొద్దున్న రండి, కడిగి సుద్ది సేసి ఉంచుతాను. తమరి సెవికి అది ఆనకపోతే ఈ సెట్టు నానే దగ్గరుండి కొట్టిస్తాను" అంది. అసిరయ్యకి అర్దం కాలేదు. బండి అలా ఎల్లగానే, అత్తా, ఏ కర్రది, నాకు తెలీకుండా ఎక్కడ దాసినావు అన్నాడు. దాలెమ్మ ఆడి రెక్క పట్టుకోని సావిట్లోకి తీసికెల్లి సూపించింది. ఏటనుకున్నారు? కుడితి తొట్టి!

గేద కుడితి తాగీ తొట్టర్రా. ఒక్క దుంగని తొలిసి సేసింది. గేద మూతితో తోసీకుండా ఒక కొసన మొద్దు మొద్దులాగే ఎత్తుగా వొదిలీసినారు. అడుగు సెక్క ఇంత మందం. అసిరయ్య సూసినాడు, ఆ మొద్దులో కుండొచ్చీస్తాది, ఆ అడుగులో దండొచ్చీస్తాది, అతుకు లేదు. వేలితో కొట్టినాడు. కంగుమంది. కళ్ళల్లో నీళ్ళొచ్చినాయంట ఆడికి, అంత బాగా పలికిందంట. ఎంటనే బయమూ ఒచ్చింది. "అత్తా, ఆ మడి మనిషికి తెలిస్తే నా మెడకాయుండదే!" అన్నాడు. "నాను అబద్దమాడితే కదరా నీ మెడకాయ పోవడం. ఒక్క అబద్దమాడను, సూస్కో" అంది దాలెమ్మ. ఇద్దరూ కలిసి సింతపండూ బూడిదా పెట్టి తోమినారు.

తెల్లారి పంతులొచ్చీసరికి తొట్టి బోర్లించుంది, పసుపూ బొట్లూ పెట్టుంది, కొత్త తువ్వాలు కప్పుంది. లచ్చిమి, అదే, గేద పేరు లచ్చిమి, దాని తల్లి పేరూ లచ్చిమే, ఆ ఇంట్ల ఏ గేదైనా లచ్చిమే, ఆ పూట మేతకెల్లింది కాబట్టి సరిపోయింది, లేకపోతే నా తొట్టేదని అడిగీది. పంతులు వంగి వేలితో కొట్టినాడు. మళ్ళీ కొట్టినాడు. సెవి ఆనించీసినాడు. "ఆహా! ఎన్నాళ్ళ కర్ర ఇది?" అన్నాడు. "మా మాంగారి కాలంలో గాలోనకి పడిపోయిన సెట్టుదండి. నలబై ఏళ్ళైంది." "మరి ఇన్నాళ్ళూ దీన్నేం చేశారు?" "దీన్ల రోజూ రెండుపూటలా మా లచ్చిమికి పెట్టీవోళ్ళమండి." పంతులు సేతులు జోడించీసినాడు! "నైవేద్యమా! ఏం పెట్టేవారు?" "ఉలవగుగ్గిళ్ళండి. పండగొస్తే బెల్లంముక్క." "అమ్మవారు ఎలా ఉంటుంది?" "నల్లగా నిగనిగలాడతాదండి. కోపమొచ్చిందంటే మటుకు ఎవులూ ఎదర నిలబడలేరు." ఒకటైనా అబద్దమాడిందేటి, మీరే సెప్పండి. నవ్వకండర్రా, ఆయనకి తెలవదు కదా పాపం. గొడ్డళ్ళోళ్ళని ఎలిపొమ్మన్నాడు, తొట్టిని నెత్తిన పెట్టుకున్నంత పని సేసి అసిరయ్య ఇంట్లో దింపించినాడు.

అసిరయ్య రెండు నెలలు తిండీ నిద్రా మరిసిపోయి సేసినాడు ఆ వీణ. దసరాకి కోటలో పంతులు వాయిస్తే, వక్కలు నవిలీవోళ్ళు నవలడం మానీసినారంట. జమీందారుగోరి తల్లి, పెద్దరాణమ్మ, ఈ కర్రెక్కడిది పంతులూ అని అడిగింది. పంతులు గొప్పగా సెప్పీసినాడు, గరుగువలస లక్ష్మీదేవికి నలబై ఏళ్ళు నైవేద్దిం పెట్టిన కర్రనీసి. అయితే ఆ అమ్మోరిని నాను సూడాల్సిందే అంది రాణమ్మ. సచ్చినాం కదా!

కబురు ఊళ్ళోకి రాగానే అసిరయ్య అత్తోరూరు ఎలిపోతానని మూట కట్టీసినాడు. దాలెమ్మ మూట ఇప్పించీసింది. లచ్చిమికి ఒళ్ళు తోమి, కొమ్ములకి నూని రాసి, మెళ్ళో బంతిపూల దండేసింది. రాణమ్మ పల్లకీ ఒచ్చింది, ఎనకాల బండిమీద వీణెట్టుకోని పంతులొచ్చినాడు, అమ్మోరి ముందర వాయిద్దారని. గుడేదమ్మా అంది రాణమ్మ. "గుడి లేదు తల్లీ, సావిడుంది" అంది దాలెమ్మ. "లచ్చిమీ, రాయే" అని పిలిసింది. లచ్చిమి దూడలా గెంతుకుంటా ఒచ్చి రాణమ్మ సేతిలో పళ్ళెంలో పూలు తినీసింది.

పంతులు మొకం సున్నం కొట్టినట్టైపోయింది. "ఉలవగుగ్గిళ్ళు..." అన్నాడు సన్నంగా. "ఔనండి, ఉడకబెట్టే పెట్టీదాన్ని" అంది దాలెమ్మ. రాణమ్మకి నవ్వాగలేదు, పొట్ట పట్టుకోని నవ్వింది. "ఏం పంతులూ, ఆ వీణ పొయ్యిలో పెట్టించీమంటావా?" అంది. పంతులు బండికాడికి పరిగెట్టినాడు. నేలకేసి కొట్టీస్తాడనుకున్నారందరూ. అసిరయ్య కళ్ళు మూసీసుకున్నాడు. ఆడు ఆడి బతుకులో అంత మంచి వీణ సెయ్యలేదు మరి. పంతులు మాత్రం వీణని సంటిపిల్లని ఎత్తుకున్నట్టు గుండెకి అదుముకున్నాడు. "ముప్పై ఏళ్ళుగా వాయిస్తున్నానమ్మా. ఏదీ ఇలా పలకలేదు. పొయ్యిలో పెడితే నన్నూ పెట్టండి" అన్నాడు. తరవాత అక్కడే, ఆ పేడ పక్కనే, బాసీపట్టేసి కూకోని గేదకెదురుగా వాయించినాడంట. లచ్చిమి నెమరేసుకుంటా ఇంది.

రాణమ్మ సెట్టు కొట్టుకోమన్న ఆ సీటీ సింపించీసింది. పంతులు మెల్లిగా దాలెమ్మ దగ్గిరకొచ్చి, ఎవులికీ ఇనపడకుండా, "ఇంకో తొట్టి ఏమైనా ఉందా?" అని అడిగినాడు. "అది తరవాత సూద్దారి. నా లచ్చిమి తొట్టి తీసుకున్నారు, ముందు గింజలు పాతండి" అంది దాలెమ్మ. ఇరవయ్యొక్క పనసగింజలు, గుంతలు తీసి, పేడేసి, ఆయన సేత్తో ఆయనే పాతినాడు. మూడు మాట్లు తానం సేసినాడనుకో, అది వేరే సంగతి. తొమ్మిది మొలిసినాయి. అసిరయ్యా అప్పట్నించి నిలబడ్డ సెట్టుమీద సెయ్యెయ్యలేదు. గాలోనకి పడిందీ, కూలిన ఇళ్ళ దూలాలూ, పాత తలుపులూ ఎతుక్కోని సేసీవోడు, ఒక్కో వీణకీ ఒక్కో గుంత తవ్వీవోడు.

లచ్చిమికేటైందంటారా? రాణమ్మ దానికి ఇత్తడి తొట్టి పంపింది. అది మూతైనా పెట్టలేదంట. ఇప్పటికీ వీణలోళ్ళు మా వీదిలోకొస్తే మావోళ్ళు తొట్లమీద గడ్డి కప్పీస్తారు. మాది సిమెంటుదిలే, నాకా బెంగ లేదు.