మందుల డబ్బా బోర్లించిన జీవశాస్త్రం టీచరుగారు

1992 జూన్ పదిహేనున జీవశాస్త్ర బోధకురాలిగా మా పాఠశాలలో చేరి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న పెద్ద టీచరుగారిని అభినందించే బాధ్యతను వ్యాకరణం చెప్పే నాకు అప్పగించారు. “నాలుగు మంచి మాటలు రాయండి మాస్టారూ” అన్నారు నిర్వాహకులు. ఉన్న మాటలే రాస్తాను.

చేరిన ఏడాదే వారు ప్రయోగశాలకు సూక్ష్మదర్శినిని సాధించారు. తర్వాత విజ్ఞాన విభాగానికి అధిపతి అయ్యారు. ఉపాధ్యాయినుల మరుగుదొడ్డి మాత్రం సాధించలేకపోయారు. కట్టింది ఒకటుంది. తనిఖీ అధికారుల కోసమని దానికి తాళం వేసి ఉంచేవారు. అందుకే మా ఉపాధ్యాయినులు సాయంత్రం దాకా మంచినీళ్లు ముట్టేవారు కాదు. మూత్రంలో మంట పుడితే, సిబ్బంది గదిలోని బిస్కెట్ల డబ్బాలో ఎవరో మిగిల్చిన యాంటీబయాటిక్ మాత్రలు రెండు మింగి తరగతికి వెళ్లేవారు. మంట తగ్గితే తక్కినవి మళ్లీ డబ్బాలోకి. దానికి మేము సహకారమని పేరు పెట్టుకున్నాం.

ఇక్కడే లెక్కలు చెప్పే మా చెల్లెలూ అలాగే మింగింది. పోయిన ఏడాది ఆ మంట పుట్టించే సూక్ష్మజీవి మూత్రపిండాల నుంచి రక్తంలోకి చేరింది. ఇస్తున్న మందులేవీ దానిమీద పనిచేయవని పరీక్షలో తేలింది. పనిచేసేది దొరికేసరికి చెల్లెలు లేదు.

సంతాప సభ ముగియగానే టీచరుగారు ఆ డబ్బాను బల్లమీద బోర్లించారు.

“మాత్రలు సగంలో ఆపితే బలహీనమైన క్రిములు చస్తాయి, మొండివి మిగులుతాయి. మందును విరిచేసే జన్యువు కొన్నిటి దగ్గర చిన్న ఉంగరంలా ఉంటుంది. పరీక్షలో చిట్టీ అందించినట్టు పక్కదానికి అందిస్తాయి. వేరే జాతిదైనా సరే!”

“మన తొమ్మిదో తరగతి కంటే ఐకమత్యంగా ఉన్నాయే” అన్నారు డ్రిల్లు మాస్టారు.

“మీకేం బాబూ, గోడ వెనక్కి వెళ్లొస్తారు. మేమెక్కడికి పోవాలి?”

టీచరుగారు ఉపాధ్యాయినులందరినీ వెంటబెట్టుకుని హెడ్మాస్టరుగారి గదిలో బైఠాయించారు.

“తనిఖీకి వస్తే శుభ్రంగా కనపడాలి కదమ్మా!” అన్నారాయన.

“వాళ్లు ఏడాదికోసారి వస్తారు సార్. మాకు రోజూ వస్తుంది.”

తాళం తీశారు. ఇప్పుడు, వీడ్కోలు ఏర్పాట్ల నడుమ, “మీరు వెళ్లాక తాళం మళ్లీ వేసుకుందాం లెండి” అన్నారట హెడ్మాస్టరుగారు. ఒక మనిషి పోయాక కూడా ఆ మాట అనగలిగిన నోటిని ఏమనాలో నాకు తెలియదు. టీచరుగారు నిన్న వడ్రంగిని పిలిపించి, ఆ తలుపుకు బయటి గడియ పీకించేశారు. లోపలి గడియ ఉంచారు.

టీచరుగారూ, మీరు ఆరోగ్యంగా ఉండాలి. ఎప్పుడైనా మందు అవసరమైతే అది పనిచేయాలి. మా చెల్లెలికి దక్కని ఆయుష్షు కూడా కలుపుకొని చల్లగా బతకండి.