బండగింజలు తినే జంతువు

వద్దు బాబూ, నీళ్లొద్దు. తాగితే మళ్లీ అదే తిప్పలు. మీ ఆఫీసు దొడ్డికీ తాళమే వేసుంది, చూసే వచ్చాను.

ఆ కార్డు ఇంకా తెరవలేదు కదా? ఏడో నంబరు కెమెరాది. తెరవలేదన్న మాట నా ముఖం చూసి చెప్పండి.

సరే. నమ్ముతాను.

నేను కొండ కింద నర్సరీలో పనిచేస్తాను. ఎనిమిదేళ్లయింది. నర్సరీ చూసే ఆఫీసరమ్మ మా అమ్మాయే. నేను ముందు చేరాను, అది పైన చేరింది. అది చేరి మూడేళ్లు. పనిచోట నన్ను ‘మీరు’ అంటుంది. మీ సంచుల్లో మట్టి తక్కువైందండీ అంటుంది. ఇంటికొచ్చి చెప్పులు విప్పాక ‘నువ్వు’. నాకేం బాధ లేదు. పద్ధతి పద్ధతే.

ఆ కొండ మీద ఒకప్పుడు అసలైన అడవి ఉండేది. కొట్టేసి, కలప కోసం ఒకటే రకం చెట్లు వరసగా నాటారు. నిటారుగా పెరిగాయి. ఒక్క పిట్ట వాలలేదు. మా అమ్మాయి పట్టుబట్టి సగం కొండ అడిగి తీసుకుంది, పాత చెట్లన్నీ మళ్లీ పెంచుతానని. అన్నీ మొలిచాయి, ఒక్కటి తప్ప. మేం దాన్ని బండగింజ అంటాం. ఎండలు ముదిరి ఏ చెట్టూ కాయని రోజుల్లో అదొక్కటే కాస్తుంది. వానలు ముదిరేదాకా పండ్లు రాలుస్తూనే ఉంటుంది. అది లేకపోతే, తిరిగొచ్చిన పిట్టలూ ఉడతలూ తిండికి మాడి వెళ్లిపోతాయి. మిగిలిన ముసలి చెట్టు మా నర్సరీ పక్కన ఒక్కటే.

పేరుకి గింజ గానీ అది గులకరాయి బాబూ. మా అమ్మాయి వేడినీళ్లలో నానబెట్టింది. గరుకు కాగితంతో రుద్దించింది. యాసిడ్‌లో ముంచింది. మూడేళ్లు, ఒక్కటీ కళ్లు తెరవలేదు. ఆ పండు తిని గింజను బయటికి వదిలే జంతువొకటి ఉండేదట. దాని కడుపులో నానితేనే గింజ మెత్తబడుతుందట. ఆ జంతువు పోయి నలభై ఏళ్లు.

ఈ ఏడూ మొలవకపోతే కొండ మళ్లీ కలపకి ఇచ్చేస్తామని పైవాళ్లు రాసేశారు. ఆ కాగితం వచ్చిన రోజు అది అన్నం కలుపుకుని, కలుపుకున్నది కలుపుకున్నట్టే వదిలేసింది.

ఇక నా సంగతి.

గింజ తీయాలంటే గుజ్జు వదిలించాలి. దానికి మాకిచ్చింది ఒక తొట్టీ, ఒక బ్రష్షూ. అంత పండూ కాలవపాలు కావడం చూడలేక ఈ ఎండాకాలం నోట్లో వేసుకోవడం మొదలుపెట్టాను. పుల్లగా, కొంచెం తియ్యగా ఉంటుంది. గింజ ఉమ్మే ఓపిక లేక మింగేసేదాన్ని.

నర్సరీలో ఆడవాళ్లం ఐదుగురం. మాకు మరుగుదొడ్డి కట్టినట్టు కాగితాల్లో ఉంది. నీలం రంగు వేసినట్టు కూడా ఉంది. కట్టలేదు. అందుకని ఆఖరి మడి దాటి, పొదల వెనక్కి వెళ్లేవాళ్లం.

అర్థమైందా? కాలేదంటే ఇంకా విడమరచి చెప్పాల్సొస్తుంది.

అయిందా. బతికించారు.

తొలి జల్లులకి అక్కడ పదకొండు మొలకలొచ్చాయి. మిగతాదంతా వానకి కొట్టుకుపోయి, గింజలు మాత్రం కడిగినట్టు మిగిలాయి. ముందు చూసింది నేనే. చెప్పాలనే అనుకున్నాను. ఏ నోటితో చెప్పను? జానెడు ఎదిగాక తవ్వి సంచుల్లోకి మార్చేస్తే, సంచుల్లోనే మొలిచాయనుకుంటుందిలే అనుకున్నాను.

రెండు నెలలాగాను. పోయిన పక్షం అది చూడనే చూసింది.

పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. “అమ్మా, చూడు. అది తిరిగొచ్చిందమ్మా,” అంది. పనిచోట, అందరి ముందూ, అమ్మా అంది. మోకాళ్ల మీద కూలబడి ఏడ్చింది. అక్కడ కూర్చోకే తల్లీ అని మాత్రం అన్నాను. వినలేదు.

ఆ ముఖం చూశాక మీరైతే చెప్పగలరా?

టేపు పెట్టి కొలిచింది. చుట్టూ తాడు కట్టించింది. వన్యప్రాణులు తిరిగే చోటు, లోపలికి రాకూడదని బోర్డు పెట్టించింది. రిపోర్టు రాసింది. బరువు యాభై నుంచి డెబ్బై కిలోలు ఉండొచ్చట. సిగ్గరి జంతువట. రోజూ ఒకే చోటికి వస్తుందట, ఎడం ఎడంగా కూర్చుంటుందట. ఐదు దాకా ఉండొచ్చట. ఒక్క ముక్క తప్పు లేదు. ఆ చదువు ఊరికే పోలేదు. ఆదివారాలు రాదని ఒక్కటే రాయలేదు.

పైవాళ్లు కలప సంగతి ఆపేశారు. కెమెరాలు పంపారు. రాలిన పండు ఎవరూ ముట్టుకోవద్దన్నారు, జంతువుకి వదిలేయాలట. చూశారా మరి? జంతువుని కాపాడాలని దాని నోటికాడి పండు తీసేశారు, దాని దొడ్డికి తాడు కట్టారు. పండ్లు కింద కుళ్లుతున్నాయి. మేం ఐదుగురం పనిలో నీళ్లు తాగడం మానేశాం. మాలో పెద్దామె గురువారం కళ్లు తిరిగి మడిలో పడింది.

శనివారం నావల్ల కాలేదు. తాడు కింద నుంచి దూరాను. మేం ఇళ్లకి పోయాక శుక్రవారమే కెమెరాలు బిగించారని ఎవరూ చెప్పలేదు. మోకాలి ఎత్తులో బిగించారు మీరు, జంతువు ఎత్తని. నేను కూర్చున్నాక ఎర్రగా చిన్న దీపం వెలిగింది, సరిగ్గా నా ముఖానికి ఎదురుగా. ఏం చేయాలో తోచక దాని వంకే చూస్తూ ఉండిపోయాను.

ఇవాళ మూడింటికి మీటింగు. పెద్ద తెర. ఏడో నంబరే ముందు చూపించమని మా అమ్మాయే అడిగిందటగా. పొద్దున్న అద్దం ముందు రెండుసార్లు చదువుకుంది, ఏం మాట్లాడాలో.

తుడిచేస్తారా? ఒక్క మీట చాలంటారా?

మీ ఇంట్లో అమ్మ ఉన్నారా బాబూ? చల్లగా ఉండనీ.

ఆగండి. వేలు తీయండి.

తుడిచేస్తే? ఇంకా కనబడలేదనుకుంటారు. మరో నాలుగు కెమెరాలు పంపుతారు. పండ్లు కుళ్లుతూనే ఉంటాయి. వచ్చే ఏడు ఒక్క మొలక ఉండదు. రాని జంతువు కోసం మా పిల్లని ఎన్నాళ్లని కూర్చోబెట్టను? దాని కొండ నా సిగ్గుకి పోవాలా?

ఇంకో మాట. ఉమ్మే ఓపిక లేక మింగానన్నాను కదా, అది ఆ మొదటి పదకొండే. మొలకలు చూసిన రోజే మిగతా నలుగురికీ చెప్పాను. తాడు కట్టేదాకా రోజూ అన్నం తిన్నాక ఒక్కొక్కరం పిడికెడు మింగాం. కావాలనే. ఒకావిడకి పులుపు పడదు, ముక్కు మూసుకుని మింగేది. ఇప్పుడక్కడ రెండొందల మొక్కలున్నాయి బాబూ. సంచుల్లో మూడేళ్లు నీళ్లు పోసినవాటిలో ఒక్కటి లేదు.

అదీ ఆ జంతువు. దాన్ని ఇంక వెతకక్కర్లేదు.

కార్డు తుడవొద్దు. తెర మీదా వేయొద్దు. ముందు మా అమ్మాయిని బయటికి పిలవండి. నేనే చెబుతాను. రిపోర్టు దిద్దుకుంటుందో, నన్ను తిడుతుందో, అక్కడే కూలబడుతుందో. దిద్దుకుంటే మాత్రం, వచ్చే ఏడు ఎలా మొలిపించాలో దాని చేతిలో ఉంటుంది.

ఏమిటలా చూస్తారు? కూతురికి ఇలాంటివి ఎలా చెబుతానా అనా?

దాని ముడ్డి కడిగి పెంచినదాన్ని బాబూ. ఈ ఒక్క పూట నా సంగతి అది వింటే ఏం అరిగిపోదు. పిలవండి.