లెక్కలో లేనివాడు

జింబాబ్వేలోని బులవాయో. శుక్రవారం సాయంత్రం. టైర్ల షాపులో పని చేసుకుంటున్న ఏలీ ముందుకొచ్చి నిలబడ్డాడు యూదుల ప్రార్థనా మందిరం సినగాగ్ పెద్ద నిసిమ్.

"ఒరేయ్ ఏలీ, చేతులు కడుక్కో. పొద్దు గుంకుతోంది."

"పనుంది బాబాయ్."

"విశ్రాంతి దినం మొదలయ్యే శుక్రవారం పూట ఏం పని? నువ్వు ప్రార్థనకొచ్చి మూడు వారాలైంది."

"ఈ లారీ టైరు..."

"టైరెక్కడికీ పోదు. పద."

"నేను రాను! మీకు కావాల్సింది నేనా? పదో తలకాయ! పదిమంది మగాళ్లు లేందే ప్రార్థన మొదలవదు. అందుకేగా ఈ బతిమాలడాలు?"

"నోరు జారకు. మీ నాన్న పోయాక పదకొండు నెలలు రోజూ నీ పక్కన నిలబడ్డాన్రా."

"నిలబడ్డారు. అంతా దండగ!"

"తండ్రి కోసం చేసిన ప్రార్థన దండగా?"

"కాక? పెళ్లి కాగితం కోసం పైఊరి మతగురువు, ఆ రబ్బీ దగ్గరికెళ్లాను. అమ్మ మన మతంలోకి మారిన కాగితం చెల్లదన్నాడు. ఆవిడ యూదురాలు కాకపోతే నేనూ కాదట. లెక్కేసుకోండి మరి. ఆ పదకొండు నెలలూ మీరు తొమ్మిదిమందే!"

"ఎందుకు చెల్లదట?"

"వంక ఏదో చెప్పాడు. నా మొహం రంగు చూసి చెప్పాడు."

"వాడి నోట్లో మన్ను! ఆ కాగితం మీద నా సంతకం కూడా ఉందిరా."

"ఉంటే ఏం లాభం? అమ్మకింకా చెప్పలేదు. ముప్పయ్యేళ్లుగా ప్రతి శుక్రవారం దీపాలు వెలిగిస్తోంది. ఈ మాట తెలిసి, ఇవాళ వెలిగించనా వద్దా అని అడిగితే ఏం చెప్పను? మీరు చెప్తారా?"

"అరవకు. నాకు సోమవారమే తెలుసు."

"తెలుసా?"

"రబ్బీ ఫోన్ చేశాడు. ఎందుకో చెప్పకుండా నిన్ను లెక్కలోకి తీసుకోవద్దన్నాడు."

"తెలిసీ వచ్చారా? దొంగ లెక్కకా? సిగ్గు లేదూ! మీకు పదోవాడే కావాలంటే ఆ రబ్బీనే ఒకణ్ణి పంపమనండి!"

"పంపాడురా. ఆ మనిషి మధ్యాహ్నం బస్సుకే దిగాడు. లోపల ఒక్కడే కూర్చున్నాడు. మిగతా ఎనమండుగురూ నువ్వొస్తే గానీ లోపలికి రామని మెట్ల మీద కూర్చున్నారు. నేను వాళ్లవైపే."