ఆ చెయ్యి ఎవరిదో రాయలేదు

ఈ సభకు పెద్దగా కూర్చున్న డైరెక్టరు గారికి, ఆయన కుడిపక్కన కూర్చుని నా గురించి నాకే తెలియని మంచి విషయాలు ఇరవై నిమిషాలసేపు చెప్పిన ఉపడైరెక్టరు గారికి, ఎడమపక్కన కూర్చున్న, నేనేం మాట్లాడబోతున్నానో ఈ హాల్లో తెలిసిన ఒకే ఒక్క మనిషి అయిన మా హెడ్ నర్సు గారికి, చర్మవ్యాధుల విభాగంలో నాతో పనిచేసిన డాక్టర్లకు, సిస్టర్లకు, వెనక వరసలో ఫ్యాను కింద చోటు వెతుక్కున్న మా చెల్లెలికీ మేనకోడలికీ, టీ చల్లారిపోతోందని గడియారం చూసుకుంటున్న మిత్రులందరికీ నమస్కారం. (నవ్వులు)

ముప్పై నాలుగేళ్ళు ఈ భవనంలో పనిచేశాను. కాగితాల మీద నా ఉద్యోగం పేరు పరిశోధన సహాయకుడు. చేసిన పని మాత్రం మచ్చలు కొలవడం. కొత్త మందు వచ్చినప్పుడల్లా, అది రాయకముందు ఒంటి మీద జబ్బు ఎంతమేర ఉంది, రాశాక ఎంతమేర ఉంది అని కొలిచి కాగితం మీద వేసేవాణ్ణి. ఇంట్లో మా ఆవిడ, పెళ్ళిచూపుల్లో కూడా మీరు నా మోచేతులే చూశారని ఇప్పటికీ దెప్పుతుంది. (నవ్వులు) నిజమే చూశాను. పొడిబారి ఉన్నాయి.

ఇందాక డైరెక్టరు గారు నా చేతిలో పెట్టిన ఈ జ్ఞాపిక చాలా బాగుంది. గాజు పలక మీద అరచెయ్యి చెక్కించారు. నన్ను మీరంతా అరచేతి మాస్టారు అంటారు కాబట్టి చెక్కించి ఉంటారు. కానీ సార్, చిన్న అనుమానం. ఈ చెయ్యి ఎవరిది? పెద్దవాళ్ళదా, పిల్లలదా? మన నియమాల పుస్తకం ప్రకారం బొమ్మ కింద ఆ సంగతి రాయాలి కదా. (నవ్వులు) నవ్వండి, ఫరవాలేదు. ఇవాళ నేను చెప్పాలనుకున్నది కూడా అదే.

చర్మం గురించి తెలియని బంధువులు కూడా వచ్చారు కాబట్టి కొంచెం విడమరుస్తాను. ఒంటి మీద జబ్బు ఎంత పరుచుకుందో కొలవడానికి మా దగ్గర టేపులు పనిచెయ్యవు. వేళ్ళతో సహా ఒక అరచెయ్యి వైశాల్యం మొత్తం శరీరంలో నూటికి ఒక వంతు ఉంటుందని లెక్క. మచ్చల మీద ఎన్ని అరచేతులు పడతాయో చూసి అంత శాతం అని వేసుకుంటాం. వినడానికి ఎంత తేలిగ్గా ఉందో, చెయ్యడానికీ అంతే తేలిక. అందుకే ఎవరూ దాని గురించి రెండోసారి ఆలోచించరు.

నేను చేరిన రోజుల్లో అసలు ఎవరి కొలత వారిది. ఒక డాక్టరు ఎరుపుని నాలుగు మెట్లుగా చూస్తే ఇంకో డాక్టరు పది మెట్లన్నాడు. ఒకరు పొలుసులు లెక్కపెడితే ఇంకొకరు మందం చూశారు. ఒకాయనైతే రోగిని తలుపు దగ్గర నిలబెట్టి, కళ్ళు చికిలించి చూసి, బాగుంది అని రాసేవాడు. ఒకరు గజాల్లో, ఒకరు మూరల్లో కొలిస్తే గుడ్డ ఎంతుందో ఎవరికి తెలుస్తుంది? ఒకే మందు మీద ఇరవై చోట్ల పరీక్షలు జరిగినా, ఆ ఇరవై ఫలితాలనీ పక్కపక్కన పెట్టి చూసే దారి లేదు. ఒంటి నిండా మందులు రాయించుకుని, రక్తాలిచ్చి, నెలల తరబడి మా గుమ్మం తొక్కిన వాళ్ళ శ్రమంతా బీరువాల్లో బూజు పట్టింది. దాన్ని చక్కదిద్దడానికే డైరెక్టరు గారు సంఘం పెట్టారు. ప్రతి పరీక్షలోనూ అందరూ అవే నాలుగు సంగతులు, అదే పద్ధతిలో కొలవాలని తేల్చడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. అందులో ఏడాదిన్నర "మెరుగు" అనే మాటకి అర్థం తేల్చడానికే సరిపోయింది.

ఆ సమావేశాలన్నిటిలోనూ గోడవార కుర్చీలో కూర్చుని నోట్సు రాసుకున్నవాణ్ణి నేను. పని మంచిదే, కాదనను. రోగుల తరఫున ఒక బస్సు డ్రైవరమ్మని పిలిచారు. రెండు రోజులు మా వాదనలు ఓపిగ్గా విని, మూడో రోజు ఆవిడ లేచి, "ఎర్రగా ఉంటే నాకేంటి, నల్లగా ఉంటే నాకేంటి సార్! స్టీరింగ్ వదిలి గోక్కోలేను, అదీ నా బాధ. అది కొలుస్తారా కొలవరా?" అంది. ఆ నాలుగు సంగతుల్లో దురద చేరింది ఆవిడ వల్లే. పుస్తకంలో ఆవిడ పేరు లేదు. మా పేర్లు మాత్రం రెండు పేజీలున్నాయి.

ఆ పుస్తకం మొదటి పేజీలో అరచేతి బొమ్మ కింద లావు అక్షరాల్లో నాలుగు మాటలున్నాయి. రోగి అరచెయ్యి; కొలిచేవారిది కాదు. కొత్తగా చేరిన డాక్టర్లు ఇంత మామూలు విషయానికి అంత లావు అక్షరాలెందుకని నన్ను అడుగుతుంటారు. ఇన్నేళ్ళూ ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను.

(విరామం)

కొంచెం నీళ్ళు ఇప్పిస్తారా. థాంక్సమ్మా.

పదహారేళ్ళ కిందట ఇక్కడ ముప్పైమంది పిల్లల మీద ఒక పూతమందు పరీక్ష జరిగింది. గజ్జి కాదు, చిన్నపిల్లలకి మోకాళ్ళ వెనకా మోచేతుల మడతల్లోనూ మొదలై ఒళ్ళంతా పాకి, రక్తాలొచ్చేలా గోకిస్తుందే, ఆ జబ్బు. చిన్న పరీక్ష కాబట్టి పోల్చడానికి రెండో గుంపు లేదు. మందు రాయకముందు ఒక కొలత, ఆరు వారాల తర్వాత ఒక కొలత, అంతే. తగ్గినట్టు తేలితే పెద్ద పరీక్ష పెడతారు, లేకపోతే మందు ఆపేస్తారు. మొదటి కొలతలు నేను తీశాను. తర్వాత నన్ను వేరే పరీక్షకి వేశారు. రెండో కొలతలు అప్పుడే చేరిన ఒక చిన్న సిస్టరు తీసింది. ఆ చిన్న సిస్టరే ఇవాళ మన హెడ్ నర్సు గారు.

ఆ ముప్పైమందిలో పదకొండో నంబరు మా మేనకోడలు. ఏడేళ్ళది. గోక్కుని పుళ్ళు చేసుకుంటోందని మా చెల్లెలు దాని రెండు చేతులకీ సాక్సులు తొడిగి, మణికట్టు దగ్గర రిబ్బన్లు కట్టి పడుకోబెట్టేది. మందు మొదలెట్టిన నాలుగో వారం మా చెల్లెలు ఫోన్ చేసి, "అన్నయ్యా, సాక్సులు ఉతికి బీరువాలో పెట్టేశానురా" అంది.

పరీక్ష అయ్యాక లెక్కలు కట్టారు. మందు పనిచెయ్యలేదని తేలింది. పనిచెయ్యకపోగా ఇంకాస్త పెరిగిందని తేలింది. తయారుచేసేవాళ్ళు మందు ఆపేశారు. వైద్య పత్రికలో వ్యాసం పడింది. కింద వరసలో నా పేరు కూడా ఉంది.

మందు డబ్బాలు అయిపోయాయి. సాక్సులు మళ్ళీ బీరువాలోంచి బయటికొచ్చాయి. ఒకరోజు మా ఇంటికొచ్చినప్పుడు అది నా కుర్చీ పట్టుకుని నిలబడి, "మావయ్యా, ఆ తెల్ల డబ్బా మందు మళ్ళీ ఎప్పుడిస్తారు?" అని అడిగింది. "అది పనిచెయ్యలేదమ్మా, అందుకే ఆపేశారు" అన్నాను. "నాకు చేసింది కదా" అంది. పెద్ద చదువులు చదివిన మేనమామని కదా, నవ్వి, నీకు అలా అనిపించింది అంతే అని చెప్పాను.

మరో ఎనిమిది నెలలకి క్యాంటీన్‌లో మాటల మధ్యలో చిన్న సిస్టరు, "పిల్లల చేతులు పట్టుకుని కదలకుండా పెట్టించి కొలిచేసరికి తలప్రాణం తోకకొచ్చింది సార్" అంది. పిల్లల చేతులెందుకు, మన చెయ్యి పెడితే అయిపోయేది కదా అన్నాను. ఆ అమ్మాయి గ్లాసు కింద పెట్టేసింది. "సార్, పాప ఒంటిని పాప చేత్తో కదా కొలవాలి. మీరు ఎవరి చేత్తో కొలిచారు?" అని అడిగింది.

నా చేత్తో కొలిచాను. ఇదిగో, ఈ చేత్తో. అప్పటిదాకా ఎక్కువగా పెద్దవాళ్ళనే కొలిచాను, పెద్దవాళ్ళకి నా చేతికీ వాళ్ళ చేతికీ అంత తేడా పడదు, అదే అలవాటైపోయింది. మేం పట్టుకుని పనిచేసిన కాగితంలో ఒక అరచెయ్యి అంటే ఒక శాతం అనే ఉంది. ఎవరి అరచెయ్యో రాయలేదు. ఏడేళ్ళ పిల్ల చెయ్యి నా చేతిలో సగమే ఉంటుంది. దాని ఒంటి మీద మొదట్లో పది శాతం జబ్బుంటే నేను ఐదు అని వేశాను. మందుతో అది ఆరుకి తగ్గితే సిస్టరు సరిగ్గా ఆరు అని వేసింది. పది ఆరైతే, మా కాగితం మీద ఐదు ఆరైంది.

స్కేలు పక్కన పెట్టి తీసిన పాత ఫొటోలన్నీ దించి, నేనూ సిస్టరూ రెండు నెలలు కూర్చుని మళ్ళీ కొలిచాం. ముప్పైమందిలో ఇరవైరెండు మందికి జబ్బు బాగా తగ్గింది. అదేదో సంజీవని అని నేననను. ఇంకో పెద్ద పరీక్ష పెట్టి చూడాల్సిన మందు, అంతే. ఆ కాగితాలు పట్టుకుని ఆ పరీక్ష నడిపిన డాక్టరు గారి గదికి వెళ్ళాను. ఆయన అన్నీ చూశారు. "ఇప్పుడు ఇది తవ్వుకుంటే విభాగం పరువు పోతుందయ్యా. నీ ఉద్యోగం సంగతి కూడా ఆలోచించుకో. జరిగింది జరిగింది, ఇకముందు ఎవరూ ఇలా చెయ్యకుండా నియమాలు పెడదాం" అన్నారు. పెట్టారు కూడా. మరుసటేడు సంఘం పుట్టింది.

డైరెక్టరు సార్, మీరు తలెత్తి చూడనక్కర్లేదు. నేను కొత్తగా ఏమీ చెప్పడం లేదు, మీకు తెలిసిందే చెబుతున్నాను.

(విరామం)

ఆ తర్వాత మరో మూడుసార్లు మీ గదికొచ్చాను. ఆ పత్రికకి పంపడానికి సవరణ ఉత్తరం రాసిచ్చాను, సంతకం పెట్టమన్నాను. ఒకసారి బిజీ అన్నారు, ఒకసారి నవ్వారు, ఆఖరిసారి సంఘానికి వచ్చిన బహుమతి పక్కకి జరిపి నా కాగితం దాని కింద పెట్టారు. కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. కానీ మీకంటే నా మీద నాకు ఎక్కువ రోత. మీరు నన్ను కట్టేశారా? నోరు కుట్టేశారా? పోస్టు డబ్బా మన గేటు పక్కనే ఉంది. పదిహేనేళ్ళు రోజూ దాని ముందు నుంచే నడిచాను. ఉద్యోగం పోతుందని భయం. అంత పిరికివాణ్ణి నేను. ఇవాళ ఐదింటికి ఆ ఉద్యోగం కూడా అయిపోయింది కాబట్టి, ఇక భయపడటానికి నా దగ్గరేమీ మిగల్లేదు. తప్పు చేశానని చెప్పడానికి ఇంతకన్నా సిగ్గుమాలిన ముహూర్తం ఉండదని నాకు తెలుసు.

నా తప్పుకి నాకు దక్కింది ఒక ముద్దుపేరు, ఒక గాజు పలక. ఇరవైరెండు మంది పిల్లలకి ఏం దక్కిందో మేం కొలవలేదు. కొలవాల్సిన నాలుగు సంగతుల్లో అది లేదు.

ఇదిగో సార్, అదే ఉత్తరం. నిన్న సాయంత్రం హెడ్ నర్సు గారు సంతకం పెట్టారు. ఆవిడకి ఇంకా పదకొండేళ్ళ సర్వీసుంది, అది మీరంతా గుర్తుంచుకోండి. నా సంతకం పక్కన మీ కోసం చోటు వదిలాను. మీరు పెట్టినా పెట్టకపోయినా రేపు పొద్దున పోస్టులో వేస్తాను. పెడితే సంతోషిస్తాను. ఎందుకంటే, చెప్పకూడదనుకున్నాను గానీ, ఈ పని నాకు నేర్పింది మీరే.

నన్ను భరించిన సహోద్యోగులకి, నా అక్షరాలు అర్థం చేసుకున్న టైపిస్టులకి, మా కోసం చొక్కాలు విప్పి చలిగదుల్లో గంటలు గంటలు నిలబడ్డ రోగులకి, ఆ డ్రైవరమ్మకి, వాళ్ళలో ఎవరూ ఈ హాల్లో లేకపోయినా, నా కృతజ్ఞతలు. ఇన్నేళ్ళూ నన్ను ఏమీ అడగని మా ఆవిడకి కూడా.

ఇంకొక్క మాట. వెనక వరసలో, ఇంత ఉక్కలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకుని కూర్చున్న మా మేనకోడలికి. ఇప్పుడు దానికి ఇరవై మూడేళ్ళు. ఇందాకటి నుంచి నేను అటు చూడలేకపోతున్నాను. బుజ్జమ్మా, నా కుర్చీ పట్టుకుని నువ్వొక మాట అడిగావు. నవ్వాను నేను. జవాబు ఇవాళ చెబుతున్నాను. నీకు అనిపించడం కాదు తల్లీ. ఆ మందు నీకు పనిచేసింది. తప్పంతా నా చేతిది.

సెలవు.